చూడాలనుకుంటే మీ పేరుతోనే చూడండి

ఉత్తరం: నాకు 41 ఏళ్లు. తణుకు దగ్గర ఉంటాం. మావారు రైస్ మిల్లులో గుమాస్తా. బాబు ఇంటర్, పాప ఎనిమిదో తరగతి. రెండేళ్లుగా ఫోన్ వదల్లేకపోతున్నాను. లేవగానే మంచం మీదే రీల్స్, వంట మధ్యలో రీల్స్, అందరూ పడుకున్నాక ఒంటిగంట దాకా రీల్స్. రోజుకు 5 గంటల 40 నిమిషాలని ఫోనే చూపిస్తోంది. మొన్న పాప, స్కూల్ కబడ్డీ జట్టులోకి తీసుకున్నారని మూడుసార్లు చెప్పిందట. మూడుసార్లూ ఊఁ అన్నానట. ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది. మావారు ఫోన్ లాక్కుంటానంటున్నారు. యాప్ రెండుసార్లు తీసేసి మళ్లీ వేసుకున్నాను. మేం ఇద్దరం అక్కచెల్లెళ్లమే. చెల్లెలు హైదరాబాద్‌లో ఉంటుంది. అమ్మ పెద్దకర్మ రోజు కాసులపేరు దగ్గర మాటా మాటా పెరిగి, రెండున్నరేళ్లుగా మాటల్లేవు. తద్దినం కూడా ఎవరింట్లో వాళ్లమే పెట్టుకుంటున్నాం. వేరే పేరుతో అకౌంట్ తెరిచి దాని పేజీ కూడా చూస్తుంటాను. వరలక్ష్మీ వ్రతానికి ఆ కాసులపేరు వేసుకుని ఫొటో పెట్టింది. నా ప్రశ్న ఒకటే. ఏం పెట్టుకుంటే ఫోన్ దానంతటదే ఆగిపోతుంది? కీప్యాడ్ ఫోన్‌కి మారిపోనా?

జవాబు:

అమ్మా,

కీప్యాడ్ ఫోన్ కొనకండి. పాప స్కూల్ గ్రూపు, గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు అన్నీ ఈ ఫోన్‌లోనే ఉన్నాయి. వారం తిరక్కుండా మీవారి ఫోన్ అందుకుంటారు. ఆపడానికి కొత్త యాప్ కూడా అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, గంట దాటగానే యాప్ మూసుకుపోయేలా పెట్టుకోవచ్చు. కానీ ఆ తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది. రాత్రి పన్నెండింటికి మీరే తీస్తారు. మీరు అడిగినదానికి నా జవాబు ఇంతవరకే.

నేను ఆగిపోయింది మీ చెల్లెలి గురించి రాసిన చోట. 'దాని పేజీ కూడా చూస్తుంటాను' అన్నారు. ఆ 'కూడా' అనే మాటను నేను నమ్మలేకపోతున్నాను. చెల్లెలితో మాటలు పోయి రెండున్నరేళ్లు, ఫోన్ పట్టుకుని రెండేళ్లు. ఈ రెండు లెక్కలూ మీరే రాశారు. వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు.

మా అమ్మా, పెద్దమ్మా పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. గొడవ ఒక ఇంటి గోడ గురించి. ఏడాదికి ఏ ఒకటి రెండు పెళ్లిళ్లలోనో ఎదురుపడేవాళ్లు. మా అమ్మ తలెత్తి చూడనట్టే ఉండేది, ఇంటికొచ్చాక మాత్రం పెద్దమ్మ చీర అంచు రంగు దగ్గర నుంచి, ఎంత చిక్కిపోయిందో, ఎవరి పక్కన కూర్చుని భోంచేసిందో అన్నీ చెప్పేది. చెప్పి పక్కకు తిరిగి పడుకునేది. కోపం ఉన్న మనిషిని అంత శ్రద్ధగా చూడటం ఏమిటో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. మీ ఉత్తరం చదువుతుంటే ఆ రాత్రులు గుర్తొచ్చాయి. మా అమ్మకు ఆ చూపు ఏడాదికి ఒకసారి దొరికేది. మీకు పది నిమిషాలకు ఒకసారి దొరుకుతోంది.

ఆ యాప్‌ను అలా దొరికేలా తయారుచేశారు కూడా. స్టోరీ 24 గంటల్లో మాయమైపోతుంది, అందుకే ఎక్కడ చూడకుండా పోతుందోనని మళ్లీ మళ్లీ తెరుస్తారు. ఎవరు చూశారో పెట్టినవాళ్లకు తెలుస్తుంది, అందుకే మీకు దొంగ పేరు కావాల్సి వచ్చింది. మీరు ఏ ఫొటో దగ్గర ఎక్కువసేపు ఆగుతారో యాప్ గమనిస్తుంది, అలాంటివే ముందుకు తెస్తుంది. కాసులపేరు ఫొటో మీద పదిసార్లు ఆగిన మీకు నగలూ, వ్రతాలూ, అక్కచెల్లెళ్ల ముచ్చట్లూ వరస కట్టి వస్తున్నాయంటే ఆశ్చర్యం ఏముంది? సీరియల్ అయితే 'రేపు' అని ఆగుతుంది, పత్రికకు చివరి పేజీ ఉంటుంది. రీల్స్‌కు అడుగు లేదు, ఎంత జరిపినా వస్తూనే ఉంటాయి. ఆ అడుగులేని పేజీని 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్ అనే డిజైనర్ తర్వాత తానే అందుకు పశ్చాత్తాపపడ్డాడు.

పేకాటలో ప్రతి ఆటా గెలిస్తే తెల్లవార్లూ ఎవరూ కూర్చోరు. ఎప్పుడో ఒకసారి ముక్క పడుతుంది కాబట్టే కూర్చుంటారు. మిగతా రీల్స్ అన్నీ మీకు పనికిరాని ముక్కలు. మీరు ఎదురుచూసే ముక్క మీ చెల్లెలి ముఖం.

ఇది వ్యసనమేనా అన్న భయం మీ ఉత్తరంలో కనిపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో గేమింగ్ వ్యసనం ఉంది కానీ సోషల్ మీడియా వ్యసనం విడిగా లేదు. కాబట్టి మీ మీద మీరే ఆ ముద్ర వేసుకోకండి. అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. తెలియకుండానే చెయ్యి ఫోన్ మీదకు వెళ్లడం, తీసేసి మళ్లీ వేసుకోవడం, నిద్ర చెడటం, బిడ్డ ఏడ్చినా మానలేకపోవడం, ఇవన్నీ అది చెయ్యి దాటిపోతోందనడానికి గుర్తులే. నెలకు లెక్కేస్తే 170 గంటలు. ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్తాను. చెల్లెలి మీద కోపం ఉండటంలో తప్పు లేదు. దొంగ పేరు పెట్టుకుని తలుపు సందులోంచి చూడటం మాత్రం మీకు తగదు. అక్కవి అయ్యుండి, తోడబుట్టినదాని ఇంట్లోకి ముఖం దాచుకుని తొంగిచూస్తున్నారు. చూసిన ప్రతిసారీ మీ కళ్లలో మీరే కాస్త తగ్గిపోతున్నారు. ఆ బాధ మరిచిపోవడానికి ఇంకో గంట రీల్స్ చూస్తున్నారు. ఆ అకౌంట్ ఈ రోజే తీసేయండి. అన్నిటికంటే ముందు అదే. చూడాలనిపిస్తే మీ పేరుతో అడగండి. ఒప్పుకుంటే చూడండి.

కాసులపేరు ఎవరిదన్న తీర్పు నేను చెప్పను. అమ్మ బతికుండగా తన చేత్తో చెల్లెలికి ఇచ్చి ఉంటే అది చెల్లెలిదే. ఇవ్వకపోతే, వీలునామా కూడా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ఇద్దరికీ సమాన వాటా. నాన్నగారు ఉంటే ఆయనకూ ఉంటుంది. అడగాలనుకుంటే ఎదురుగా కూర్చుని అడగండి, అడగకూడదనుకుంటే మనసులోంచి తీసేయండి. రెండూ చేయకుండా రోజూ ఆ ఫొటో పెద్దది చేసి చూసుకోవడం వల్ల ఆ నగలో ఒక్క కాసు కూడా మీ ఇంటికి రాదు. క్షమాపణ చెప్పమని కూడా నేననను. తప్పు లేని చోట తలవంచితే ఆ రాజీ నిలబడదు.

ఇక రోజువారీ సంగతి. రాత్రి తొమ్మిదికి ఫోన్ వంటింట్లో ఛార్జింగ్ పెట్టి తలుపు వేసేయండి. అలారానికి విడిగా ఒక గడియారం కొనుక్కోండి. లేవగానే ఫోన్ పట్టుకోవడానికి ఉన్న ఆ ఒక్క సాకూ పోతుంది. నోటిఫికేషన్లు అన్నీ ఆపేయండి, ఫోన్ కాల్సూ స్కూల్ గ్రూపూ చాలు. తెర రంగు నలుపు తెలుపులోకి మార్చుకుంటే సగం ఆకర్షణ పోతుంది. మొదటి వారం చిరాకుగా ఉంటుంది, చేతులకు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది, చిన్నవాటికే కేకలేస్తారు. అది తగ్గుతుంది. అప్పటిదాకా ఖాళీ చేతులకు ఏదో ఒక పని ఉండాలి. కుట్టుమిషన్ ఉంటే దాని మీద గుడ్డ తీసేయండి. మీవారితో చెప్పండి, లాక్కోవద్దు, తొమ్మిది దాటాక తన ఫోన్ కూడా ఆ వంటింట్లోనే పెట్టమనండి. లాక్కుంటే మీరు ఇంట్లో దొంగ అవుతారు, కలిసి పెడితే అది ఇంటి పద్ధతి అవుతుంది.

ఆరు వారాలైనా మార్పు రాకపోయినా, ఈలోపే నిద్ర పూర్తిగా పోయినా, ఏడుపు ఆగకపోయినా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా ఎత్తుతారు. ఇలాంటి ఇబ్బందుల కోసమే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. అక్కడిదాకా వెళ్లాల్సి వస్తుందని నాకు అనిపించడం లేదు.

ఎందుకంటే మీరు చేయాల్సిన ఫోన్ ముందు ఇంకొకటి ఉంది. మీ చెల్లెలికి. వాట్సాప్ మెసేజ్ వద్దు, గొంతు వినిపించాలి. మధ్యాహ్నం పిల్లలు స్కూలుకెళ్లాక చేయండి. ఎత్తకపోతే మూడు రోజులాగి మళ్లీ చేయండి. ఎత్తితే మొదటి మాట కాసులపేరు గురించి కాకూడదు, అమ్మ గురించి కూడా వద్దు, ఇద్దరూ ఏడ్చి పెట్టేస్తారు. పాప స్కూల్ కబడ్డీ జట్టులో ఆడుతోందని చెప్పండి. పిన్నికి అది చాలు మాట కలపడానికి.

అంతకుముందు పాపను దగ్గర కూర్చోబెట్టుకుని అన్నీ అడగండి. రైడ్‌కు వెళ్తోందా, కార్నర్‌లో ఉంటోందా, మొదటి ఆట ఎవరితో, ఎక్కడ. మీ చెల్లెలు అడుగుతుంది.