తేటిస్ పెళ్లి కథ రాసిన అమ్మాయికి

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. పెళ్లినాడే గ్రీకు సముద్రదేవత తేటిస్ "నా కడుపున పుట్టేవాడు యుద్ధంలో పోతాడు" అని ఏడుస్తుంది. ఆ ఏడుపు మూడు పేరాలు నడిచింది. నా కళ్లు మాత్రం మొదటి పేరాలోనే ఆరిపోయాయి.

ఇదే పెళ్లిని క్రీ.పూ. 570 ప్రాంతంలో క్లైటియాస్ అనే ఏథెన్స్ చిత్రకారుడు మట్టిపాత్ర మీద వేశాడు. పాత్ర చేసినవాడు ఎర్గోటిమోస్. వైన్‌లో నీళ్లు కలుపుకునే 66 సెంటీమీటర్ల పెద్ద పాత్ర అది. 1844లో ఇటలీలోని క్యూసీ దగ్గర అలెస్సాండ్రో ఫ్రాన్స్వా తవ్వకాల్లో ముక్కలుగా దొరికింది. అందుకే ఫ్రాన్స్వా పాత్ర అంటారు. ఇప్పుడు ఫ్లోరెన్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. (1900లో అక్కడి కాపలాదారు ఒకడు స్టూలు విసిరితే 638 ముక్కలైంది. ఓపిగ్గా మళ్లీ అతికించారు.)

దానిమీద దాదాపు 270 బొమ్మలు, 121 చోట్ల రాతలు. క్లైటియాస్‌కి పేర్లు రాసే పిచ్చి ఎంతంటే మనుషులకే కాదు, నీటిధారకీ, కూర్చునే పీటకీ, కిందపడిన బిందెకీ పేరు రాశాడు. ఇన్ని రాసినవాడు దుఃఖం గురించి ఒక్క ముక్క రాయలేదు. దాన్ని ఎక్కడ ఉంచాడో చూడు.

పాత్ర బాగా వెడల్పైన చోట, చుట్టూతా పెళ్లి. పెళ్లికొడుకు పెలెయస్ ఇంటి ముందు నిలబడి అతిథుల్ని ఆహ్వానిస్తున్నాడు. తేటిస్ లోపల కూర్చుంది, సగం తెరిచిన తలుపులోంచి కొంచెమే కనిపిస్తుంది. దేవతలు నాలుగేసి గుర్రాల రథాల్లో నింపాదిగా వస్తున్నారు. సరిగ్గా వాళ్ల తలల మీద, పాత్ర మెడ దగ్గర, ఇంకో రథాల వరస పరుగు తీస్తోంది. అవి ట్రాయ్ యుద్ధంలో చనిపోయిన పట్రోక్లస్ అంత్యక్రియల పందేలు, జరిపిస్తున్నది అతని స్నేహితుడు, ఈ పెళ్లికొడుకు కొడుకే, అకిలీస్. పెళ్లి కింది వరసలో అదే అకిలీస్ ట్రోయ్‌లస్ అనే ట్రాయ్ రాజకుమారుణ్ణి, ఇంకా కుర్రాణ్ణి, చంపడానికి తరుముతున్నాడు. ఇక పిడి మీద చూడు: తోటి గ్రీకు యోధుడు అయాక్స్ ఒక శవాన్ని మోసుకొస్తున్నాడు. అది అకిలీస్ శవం. రెండో పిడి మీదా అదే బొమ్మ. పాత్ర ఎత్తాలంటే చెయ్యి పడేది అక్కడే.

అతిథుల్లో వైన్ దేవుడు డయోనిసస్ ఒక జాడీ మోసుకొస్తున్నాడు. దాదాపు అందరూ పక్కకి తిరిగి నడుస్తుంటే అతను మొహం మనవైపు తిప్పాడు. హోమర్ కావ్యం ఒడిస్సీలో అకిలీస్ అస్థికలు ఉంచేది డయోనిసస్ తేటిస్‌కి ఇచ్చిన బంగారు జాడీలోనే. ఇది అదేనని కొందరు పండితులంటారు, కాదనేవాళ్లూ ఉన్నారు. నేను మొదటివాళ్ల పక్షం. కొడుకు అస్థికల కలశం పెళ్లికానుకగా వస్తోంది, పెళ్లికూతురు తలుపు చాటున ఉంది, మనకి తెలుసు, తనకి తెలీదు. నీ తేటిస్‌కి అన్నీ ముందే తెలుసు కాబట్టే మాకు చెయ్యడానికేమీ మిగల్లేదు.

ట్రాయ్ యుద్ధం మీద హోమర్ రాసిన ఇలియడ్‌లో లేనిది రాయొచ్చా అని అడిగావు. ఇలియడ్‌లో ఆ పట్రోక్లస్ అంత్యక్రియల రథాల పందెంలో పరుగెత్తేది యుమెలస్, డయోమెడిస్, మెనెలౌస్, ఆంటిలోకస్, మెరియోనిస్. గెలిచేది డయోమెడిస్. క్లైటియాస్ ఈ ఐదుగురిలో డయోమెడిస్‌ని మాత్రమే ఉంచి, ముందు రథం ఇంకో గ్రీకు వీరుడు ఒడిస్సియస్‌కిచ్చాడు. ఆయన విన్న కథే వేరేమో. నువ్వు మాత్రం మార్చేముందు ఇలియడ్ ఇరవైమూడో భాగం పూర్తిగా చదువు. నీ ఉత్తరం చూస్తే చదివినట్టు లేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఏడుపు పేరాలు మూడూ కొట్టెయ్. నాలుగో పేజీలో, వచ్చిన కానుకలు లెక్కపెట్టే పనిమనిషి ఉందే, ఆమెని ముందుకు తీసుకురా, జాడీని ఆమె చేత మోయించు. బరువెంతో, ఎక్కడ పెట్టిందో చెప్పు చాలు. పేర్లు కూడా సరిచూసుకో: ఒకచోట అకిలీస్, ఇంకోచోట ఆకిలెస్ అని ఉంది. పండగలోపు పంపితే ఈ నెలలోనే చూస్తాను.