బూట్లు విప్పితే తగ్గే దురద

ప్రశ్న: నేను సైన్యంలో వాహనాల మరమ్మతు విభాగంలో పనిచేస్తున్నాను. ఏడాదిగా రెండు పాదాల పైభాగంలో ఎర్రటి దద్దుర్లు, తీవ్రమైన దురద వస్తున్నాయి. అరచేతులు పగిలి మండుతున్నాయి. సెలవులో తగ్గి, డ్యూటీలో చేరిన రెండో రోజుకే తిరగబెడుతున్నాయి. మందుల దుకాణంలో ఇచ్చిన ఆయింట్‌మెంట్లతో గుణం కనిపించలేదు. ఇది అలర్జీయేనా?

జవాబు: సెలవులో తగ్గిపోతోందంటే మీ పనిలో తగిలేదేదో కారణమని అనుమానించాలి. అయితే పాదాల బాధ, చేతుల బాధ ఒకటే కాకపోవచ్చు.

బూట్ల తోలును పదును చేయడానికి ఎక్కువగా క్రోమియం లవణాలు వాడతారు. గంటల తరబడి బిగించి ఉంచిన బూటులో చెమట పట్టినప్పుడు అవి కొద్దికొద్దిగా కరిగి, మేజోళ్లను దాటి చర్మానికి చేరి అలర్జీ కలిగించవచ్చు. రబ్బరులో కలిపే థయూరమ్‌లు అనే రసాయనాలు, అతికించే జిగురులోని రెజిన్లు కూడా ఇలాంటివే. ఈ తరహా అలర్జీ తగిలిన వెంటనే కాక, సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది కాబట్టి మీరు చెప్పిన రెండో రోజు లెక్క దానికి సరిపోతుంది. ఒకసారి కాలి వేళ్ల సందులు విడదీసి చూసుకోండి. అలర్జీ అయితే పాదం పైన ఎర్రగా ఉన్నా సందులు తరచుగా బాగానే ఉంటాయి. చివరి రెండు వేళ్ల మధ్య చర్మం తెల్లగా నాని ఒలుస్తుంటే ఫంగస్‌ను అనుమానించాలి. ఫంగస్ మీద స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తే పైకి తగ్గినట్లు కనిపిస్తూనే లోపల వ్యాపిస్తుంది. దుకాణంలో అడిగి తెచ్చుకున్న ఆయింట్‌మెంట్లు దయచేసి ఆపండి.

చేతుల విషయంలో అలర్జీ కన్నా రసాయనాల వల్ల చర్మం దెబ్బతినడమే ఎక్కువ అనిపిస్తోంది. ఇంధనం, గ్రీజు, ఆయుధాలు శుభ్రం చేసే ద్రావకాలు చర్మంలోని సహజమైన జిడ్డును లాగేస్తాయి. పని ముగిశాక మరకలు పోవడానికి చేతులను డీజిల్‌తో కడిగే అలవాటు ఉంటే ఈరోజే మానండి. తేలికపాటి సబ్బుతో కడిగి, తడి ఒత్తి, వాసలిన్ రాయండి. తడి చేతులకు గ్లవుజులు తొడగవద్దు.

నిర్ధారణకు ప్యాచ్ టెస్ట్ చేయించుకోవాలి. అనుమానిత పదార్థాలను వీపుపై అతికించి, 48 గంటల తర్వాత తీసి చూస్తారు; మరో రెండు రోజులకు మళ్లీ చూడటం తప్పనిసరి. క్రోమియం అని తేలితే, క్రోమియం లేకుండా పదును చేసిన బూట్లు కావాలని రాయించుకోవచ్చు.

ఓర్చుకోవడం సైనికులకు అలవాటే అయినా, పగిలిన చర్మంలోంచి ఇన్ఫెక్షన్ ప్రవేశించవచ్చు. కనుక యూనిట్ డాక్టరుకు దాచకుండా చెప్పండి. వెళ్లేటప్పుడు మీ బూట్లు, గ్లవుజులు కూడా తీసుకెళ్లండి, వాటి లోపలి పొర ముక్కలతోనూ పరీక్ష చేయవచ్చు.