ఆ కమిషన్‌కు ఓటెప్పుడు వేస్తాం?

ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) వంటి సంస్థల దగ్గర ప్రభుత్వాలు అప్పు చేస్తే మన ఓటుకు విలువ తగ్గుతుందా అని కొందరు అడుగుతుంటారు. తగ్గుతుంది. అయితే అప్పు ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి కాదు. అప్పుతో పాటు వచ్చే షరతుల్లో, ధరలు నిర్ణయించే అధికారాన్ని మనం ఎన్నుకున్నవారి చేతుల్లోంచి తప్పించే షరతు ఒకటి ఉంటుంది. నష్టమంతా దానితోనే వస్తుంది. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. 2000వ సంవత్సరంలో అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు రాసే పనిలో ఉన్నప్పుడు తెలిసింది.

ఆ ఏడాది మే నెలాఖరులో ఛార్జీలు పెంచుతూ ఉత్తర్వు వచ్చింది. పెరిగిన రేటుతో బిల్లులు పంచుతూ ఒక పల్లెలో ఓ అవ్వ ఇంటికి వెళ్లాను. ఒకటే గది, ఒకటే బల్బు. మీటరు వాకిలి పైన చెక్కకు బిగించి ఉంది. పాత బిల్లులన్నీ మడిచి పౌడరు డబ్బాలో దాచుకునే మనిషి ఆమె. కొత్త బిల్లును పాతదాని పక్కన పెట్టి, చదువు రాకపోయినా అంకెలు పోల్చి చూసుకుంది. చెనక్కాయలు ఒలిచిన కూలి డబ్బులు కొంగుముడి విప్పి గడప మీద రెండుసార్లు లెక్కపెట్టి, "రేటు పెంచిందెవరు నాయనా?" అని అడిగింది. గవర్నమెంటు అవ్వా అన్నాను. నాకూ అంతకన్నా తెలియదు.

కొన్నాళ్లకు ఆ ఊరికి ఎమ్మెల్యే వచ్చి రచ్చకట్ట మీద కూర్చున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. అవ్వ ఆ డబ్బా చేత్తో పట్టుకొచ్చి అదే ప్రశ్న వేసింది. ఛార్జీలు నిర్ణయించేది తాము కాదనీ, కొత్తగా ఏర్పడిన నియంత్రణ కమిషన్ అనీ, తమ చేతుల్లో ఏమీ లేదనీ ఆయన ఓపికగానే చెప్పారు. "అట్లయితే ఆ కమిషన్‌కు ఓటెప్పుడు వేస్తాం సామీ?" అంది అవ్వ. ఆయన జవాబు చెప్పలేదు. ఆయన అబద్ధమాడారని నేను అనుకోను, చెప్పింది అక్షరాలా నిజం. నన్ను అప్పటి నుంచీ బాధిస్తున్నది ఆ నిజమే.

ఆ కమిషన్‌కు దారి వేసిన రాష్ట్ర విద్యుత్ సంస్కరణల చట్టం 1998లో వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును కరెంటు ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో అని రెండు సంస్థలుగా విడగొట్టారు; ఆ నెలలోనే ఈ సంస్కరణల కోసం 21 కోట్ల డాలర్ల తొలి విడత రుణాన్ని ప్రపంచ బ్యాంకు ఆమోదించింది. తర్వాతి విడతలు రావాలంటే సంస్కరణలు ముందుకు సాగాలి. చట్టం చేసింది మన శాసనసభే కదా అని కొందరు వాదిస్తారు. చేసిన మాట నిజమే. కానీ శాసనసభ ఎన్నికలు 1999లో జరిగాయి, ఛార్జీల పెంపు ఆ తర్వాత ఏడాది మేలో వచ్చింది. ఓటు వేసే రోజున ఆ అవ్వకు ఈ బిల్లు గురించి చెప్పిన నాయకుడు ఒక్కడూ లేడు. ఈ క్రమం దానంతటదే కుదిరిందని నేను నమ్మను. పెంపుకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో జరిగిన ఆందోళనపై పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు.

షరతులన్నీ శిలాశాసనాలని అనుకోవద్దు. 1991లో విదేశీ మారక ద్రవ్యం అడుగంటి, రిజర్వు బ్యాంకు బంగారాన్ని బయటి దేశాల్లో తాకట్టు పెట్టి, ఐఎంఎఫ్ దగ్గర అప్పుకు వెళ్లిన రోజుల్లో, జులై బడ్జెట్‌లో ఎరువుల ధరలు సగటున 40 శాతం పెంచారు. పార్లమెంటులో అధికార పక్ష సభ్యులే తిరగబడటంతో దాన్ని 30 శాతానికి తగ్గించి, సన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చారు. ఎరువుల ధర మంత్రివర్గం చేతిలో ఉంది కనుక ఎంపీలు నిలదీయగలిగారు, నిలదీశారు కనుక తగ్గింది. 2000 నాటికి కరెంటు ధర విషయంలో ఆ దారి మూసేశారు.

గ్రీసు సంగతి ఇంకా ఘోరం. 2015 జులై 5న రుణదాతల షరతులు ఒప్పుకోవాలా వద్దా అని ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే 61 శాతం మంది వద్దన్నారు. ఎనిమిది రోజులు తిరగకుండానే అదే ప్రభుత్వం కొత్త అప్పు కోసం పింఛన్ల కోతలకూ పన్నుల పెంపుకూ ఒప్పుకుంది.

టీవీ చర్చల్లో ఏ పార్టీ హయాంలో ఎన్ని లక్షల కోట్ల అప్పు అని గంటల తరబడి అరుచుకుంటారు గానీ, ఏ కాగితం మీద ఏ షరతుకు సంతకం పెట్టారని ఒక్కరూ అడగరు. ఆ కాగితాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. అప్పు తీర్చేవాళ్లకు వాళ్ల భాషలో ఒప్పందం చూపించకపోవడం ఏ న్యాయమో నాకు అర్థం కాదు. గ్రామంలో వడ్డీ వ్యాపారి కూడా ప్రామిసరీ నోటు తెలుగులో రాయించి, చదివి వినిపించి వేలిముద్ర వేయిస్తాడు.

షరతులు పెట్టేది విదేశీ సంస్థలే అనుకుంటే పొరపాటు. 2020–21లో కేంద్రం రాష్ట్రాల అప్పుల పరిమితిని స్థూల ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచినప్పుడు, ఆ పెంపులో సగానికి పైగా భాగాన్ని విద్యుత్తు, పట్టణ పాలన వంటి నాలుగు రంగాల సంస్కరణలకు ముడిపెట్టింది. ఆ తర్వాతే మన పట్టణాల్లో ఇంటిపన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద వేసే పద్ధతి వచ్చింది. మా వార్డు కౌన్సిలరును అడిగితే, ఇరవై ఏళ్ల కిందట రచ్చకట్ట మీద విన్న మాటే మళ్లీ విన్నాను: మా చేతుల్లో లేదు.

ఓటు పూర్తిగా చచ్చిపోయిందని నేను అనను. 2004 మే 14న కడప జిల్లా నాయకుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం చేశారంటే, అది ఆ ఎన్నికల్లో పడిన ఓట్ల బలమే. కమిషన్ కూడా ఛార్జీలు ఖరారు చేసే ముందు బహిరంగ విచారణ జరపాలి, అక్కడ ఎవరైనా లేచి అభ్యంతరం చెప్పవచ్చు. ఆ కమిషన్ కార్యాలయం ఇప్పుడు కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. కళ్యాణదుర్గం నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరుకోవచ్చు. 2000లో అది హైదరాబాదులో ఉండేది. అవ్వ దగ్గర డబ్బాలో బిల్లులున్నాయి గానీ అంత దూరం బస్సు ఛార్జీ లేదు.