నాయన పేరు ఉమ్మి ట్యూబులో దొరకదు తమ్ముడూ

తమ్ముడూ, మన పక్క చిన్నపిల్లోడిని కూడా నాయనా అనే పిలుస్తాం కదా, నీకు జవాబు రాద్దామని కూర్చుని అలవాటు కొద్దీ అదే మాట రాయబోయి ఆగిపోయా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. నీకు 32, ఉద్యోగం బెంగళూరులో, అమ్మ తిరుపతిలో కొర్లగుంట దగ్గర ఒక్కతే ఉంటుంది, నువ్వు పెరిగిందంతా పుత్తూరులో అవ్వాతాతల దగ్గర. మీ నాయన కువైట్ పోయి అక్కడే చచ్చిపోయాడు అన్న ఒక్క ముక్క తప్ప ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదు, ఫోటో లేదు, ఇంటిపేరు తాతది, సర్టిఫికెట్లలో తండ్రి పేరు దగ్గర కూడా తాత పేరే. డాలస్‌లో ఉండే మీ మామ కొడుకు డీఎన్ఏ కిట్ తెచ్చిస్తే ఉమ్మి పంపావు, న్యూజెర్సీలో ఎవరో తెలుగాయన 460 సెంటీమోర్గాన్లతో (ఇద్దరి మధ్య డీఎన్ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత) కజిన్ అని వచ్చాడు, వెంటనే "మా నాన్న మీ ఇంట్లో ఎవరో చెప్పండి" అని మెసేజ్ కొట్టావు, రెండు నెలలైనా ఉలుకూపలుకూ లేదు. ఈలోపు చిత్తూరు సంబంధం వాళ్లు గోత్రం అడుగుతున్నారు, అమ్మని గట్టిగా అడిగితే తినే పళ్లెం పక్కన పెట్టి లేచిపోయింది. అంతే కదా.

ముందు ఆ 460 సంగతి, ఎందుకంటే దాని మీద నువ్వు చాలా పెద్ద మేడ కట్టేశావు. తల్లికీ బిడ్డకీ మధ్య ఈ లెక్క 3,400 పైనే వస్తుంది, ఒక్క తల్లికో ఒక్క తండ్రికో పుట్టిన అన్నదమ్ములకి 1,700 అటూఇటూ, సొంత మేనత్త పిల్లలకో పెదనాన్న పిల్లలకో 850 చుట్టుపక్కల, తాతలు అన్నదమ్ములైన వాళ్లకి సగటున 230 దగ్గర. కానీ ఈ సగటులన్నీ ఎక్కువగా అమెరికా, యూరప్ వాళ్లని చూసి వేసినవి, వాళ్లకి మేనరికాలు తెలీవు, అక్క కూతుర్ని చేసుకోవడం అంటే నోరెళ్లబెడతారు. నీ ఉత్తరంలో ఒక లైను రాసేసి దాన్ని పట్టించుకోకుండా ముందుకెళ్లిపోయావు, తాత సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడని. అసలు పట్టు అక్కడే ఉంది. అవ్వ చెల్లెలి మనవడు ఒకడున్నాడు అనుకో, వాడు నీకు అవ్వ వైపు నుంచి చుట్టం, మళ్లీ తాత వైపు నుంచి కూడా చుట్టమే, ఎందుకంటే వాడి ముత్తవ్వ మీ తాతకి తోడబుట్టిన అక్క. రెండు దార్లలో రక్తం కలిసింది కాబట్టి 230 రావాల్సింది ఒకటిన్నర రెట్లు వస్తుంది, ఆ ఇంట్లో ఇంకో మేనరికం ఉంటే ఇంకా ఎక్కుతుంది. అంటే నువ్వు నాయన చుట్టం అనుకుంటున్న ఆయన మీ అమ్మ వైపు వాడే అయ్యుండొచ్చు. పాపం ఆయన ఆ మెసేజ్ చూసి వాళ్ల నాన్నని అనుమానంగా చూస్తున్నాడేమో!

ఇది తేల్చడానికి అమ్మని కదిలించాల్సిన పనే లేదు. కిట్ ఇచ్చిన బావ తను కూడా అదే సైట్‌లో చేయించుకున్నాడని రాశావు. ఆ న్యూజెర్సీ పేరు మీద నొక్కితే మీ ఇద్దరికీ కామన్‌గా ఎవరెవరు కలుస్తున్నారో చూపిస్తుంది, అందులో బావ పేరు ఉంటే ఆయన అమ్మ వైపే, మూసేయ్. లేకపోతే అప్పుడు నాయన వైపు అనుకోవడానికి కాస్త ఆధారం ఉన్నట్టు. ఒక మెలిక, మీ నాయన కూడా చుట్టాల్లోనే ఎవరైనా అయితే ఈ లెక్క మొత్తం కలగాపులగం అవుతుంది, దానికి ఆ సైట్ నుంచి నీ డీఎన్ఏ ఫైలు (రా డేటా అంటారు) దించుకుని జెడ్‌మ్యాచ్ అనే ఇంకో సైట్‌లో వేస్తే తల్లిదండ్రులు ఇద్దరూ దగ్గరి చుట్టాలా కాదా చెప్పే లెక్క ఒకటుంది, అదీ చూడు. కానీ అది చూసే రోజు ఒక్కడివే రూంలో కూర్చుని చూడొద్దు, ఎవరైనా స్నేహితుడు పక్కన ఉండాలి. ఎందుకు చెప్తున్నానో అర్థం చేసుకో.

ఇంకో మాట. ఈ సైట్లలో మన వాళ్లు తక్కువ, ఉన్నా చాలావరకు అమెరికాలో ఉండేవాళ్లే. పుత్తూరులోనో పాకాలలోనో ఉన్న పెదనాన్నలు ఎవరూ ట్యూబులో ఉమ్మి పంపలేదు. మగపిల్లోడివి కాబట్టి వై డీఎన్ఏ టెస్ట్ చేయించుకోవచ్చు, అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది, కానీ పోల్చుకోవడానికి అవతల మనిషి ఉండాలి కదా, డబ్బు దండగ అంటాను నేను. టెస్ట్ చుట్టాన్ని చూపిస్తుంది, ఆ చుట్టం దగ్గర్నుంచి మనిషి దాకా తీసుకెళ్లేది కాగితాలూ, మనుషుల నోళ్లూ.

కాగితాల్లో నీ బర్త్ సర్టిఫికెట్ పనికిరాదు, అది నువ్వు టెన్త్‌కి వచ్చాక ఆర్డీఓ ఆర్డర్ మీద తీసిందని నువ్వే రాశావు, అప్పటికి ఇంట్లో ఏం చెప్పాలో అందరూ ఫిక్స్ అయిపోయుంటారు. దానికంటే ముందు కాగితాలు వెతుకు. కొన్నేళ్ల కింద పలమనేరు పక్క నుంచి ఒకమ్మాయి వచ్చింది నా దగ్గరికి, అచ్చం నీ కథే. వాళ్ల ఊరి ఎలిమెంటరీ స్కూల్లో అడ్మిషన్ రిజిస్టర్ బయటికి తీయించింది, చెదలు కొట్టిన అట్ట, తండ్రి లేదా సంరక్షకుడు అన్న గడిలో నీలం ఇంకుతో ఒక పేరు రాసి, దాని మీద ఎర్ర ఇంకుతో అడ్డంగా గీత కొట్టి పైన చిన్నగా తాత పేరు రాసుంది. గీత కింద పేరు చక్కగా కనిపిస్తానే ఉంది. ఇరవై ఏళ్లు ఇంట్లో ఎవరూ నోరు విప్పని పేరు అక్కడ అలా పడుంది. నీకూ అలాగే దొరుకుతుందని కాదు, ఒకటో తరగతిలో చేర్చినప్పుడు అమ్మ ఏం రాయించిందో చూడమంటున్నా. అలాగే పాత ఓటర్ల లిస్టు, అందులో ఆడవాళ్ల పేరు కింద తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది, అమ్మ పేరు పక్కన ఎవరున్నారో చూడు. అప్పటి రేషన్ కార్డు, నీ టీకాల కార్డు కూడా. కువైట్‌లో నిజంగా చనిపోయుంటే అక్కడి మన ఎంబసీలో నమోదు అయ్యుండాలి, కానీ పేరూ పాస్‌పోర్ట్ వివరం లేకుండా ఎవరిని అడుగుతావు.

కోర్టు ఆలోచన కూడా రాశావు, అది ఇప్పటికి పక్కన పెట్టు. మన రాజ్‌భవన్‌లో ఒకప్పుడు గవర్నర్‌గా ఉన్న ఎన్.డి. తివారీ కేసు గుర్తుంది కదా, ఆయనే నా తండ్రి అని ఆ కొడుకు 2008లో కోర్టుకెక్కితే రక్తం ఇప్పించి 2012లో రిపోర్టు వచ్చింది, ఆయన ఒప్పుకునేసరికి 2014. అక్కడ తండ్రి ఎవరో ముందే తెలుసు, తల్లి కొడుకు పక్కన నిలబడింది, అయినా అన్నేళ్లు పట్టింది. అడిగిన ప్రతివాళ్లకీ టెస్ట్ ఆర్డర్ ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. పైగా పుట్టిన నాటికి అమ్మకి చట్టప్రకారం భర్త ఉంటే, వాళ్లిద్దరూ కలుసుకునే వీలే లేదని రుజువు చేస్తే తప్ప చట్టం అతన్నే తండ్రి అంటుంది, ఆ సెక్షన్ కొత్త సాక్ష్య చట్టంలో కూడా అట్లాగే ఉంది. ఇక ఎవరి మీదో అనుమానం వచ్చి ఆయన దువ్వెనలో వెంట్రుకలు, తాగిన గ్లాసు ఎత్తుకొచ్చి ప్రైవేట్ ల్యాబ్‌కి పంపడం లాంటివి చెయ్యొద్దు, అది కోర్టులో నిలబడదు, మనిషిగా కూడా తప్పు. పాస్‌పోర్ట్‌కి అమ్మ పేరొక్కటే 2016 చివర్నుంచి చాలు, కాబట్టి ఆఫీసుల కోసం నాయన్ని వెతకాల్సిన అవసరం లేదు.

ఇప్పుడు అమ్మ. నువ్వు రిపోర్టు ప్రింట్ తీసుకెళ్లి ఆమె అన్నం తినేటప్పుడు పళ్లెం పక్కన పెట్టావు. ఎందుకయ్యా అలా చేశావు? ఆమెకి అది పోలీసు కాగితంలా కనిపించుంటుంది. ఆమె వైపు నుంచి ఒక్కసారి చూడు, అది ప్రేమ కావచ్చు, మోసం కావచ్చు, ఆమెకి ఇష్టం లేకుండా జరిగింది కూడా కావచ్చు. ఆ మూడోది అయితే నువ్వు అడిగే ప్రతి ప్రశ్నా ఆమెని మళ్లీ ఆ గదిలోకి నెట్టినట్టే. ఇప్పటికీ బొట్టూ మెట్టెలూ తీయలేదు, అంటే ఆయన బతికే ఉన్నాడా అని అడిగావు. దాంట్లోంచి అంత లాగొద్దు, ఈ రోజుల్లో భర్త పోయినా చాలామంది తీయట్లేదు.

ఈసారి వెళ్లినప్పుడు ఆమె శనివారం గోవిందరాజస్వామి గుడికి పోతుందన్నావు కదా, తోడు పో. ఇద్దరూ పక్కపక్కన నడుస్తా ఉంటే మొహం మొహం చూసుకోనక్కర్లేదు, కొన్ని మాటలు అలాగే బయటికొస్తాయి. ఆయనెవరు అని అడగొద్దు. "నేను కడుపులో ఉన్నప్పుడు నువ్వు యాడ ఉన్నావమ్మా, ఎవరు చూసుకున్నారు నిన్ను" అని అడుగు. ఆమె గురించి అడుగు. అంతకుముందు "నువ్వు చెప్పకపోయినా నాకు కోపం లేదు, నిన్ను వదిలి యాడికీ పోను" అని ఒక్క మాట చెప్పు, 32 ఏళ్లుగా ఆమె భయం అదే అయ్యుంటుందని నా అనుమానం. చెప్పకపోతే చెప్పలేదు, ఇంకోసారి. ఆమెకి తెలీకుండా పెద్దమ్మనో మామనో అడగడం మాత్రం వద్దు, పుత్తూరులో మాట నీకంటే ముందు బస్టాండ్ చేరుతుంది.

చిత్తూరు అమ్మాయికి నిశ్చితార్థం కాకముందే, పెద్దలకంటే ముందు నువ్వే చెప్పు, నాన్నెవరో తెలీదు, తాతది ఇంటిపేరు అని. గోత్రం దగ్గర ఆగిపోయే సంబంధం అయితే ఇప్పుడే ఆగనీ. తను చెల్లెలు అయితే ఎట్లా అని రాత్రిళ్లు నిద్రపట్టట్లేదన్నావు, ఆ ఒక్క విషయంలో మాత్రం ఈ కిట్ నిజంగా పనికొస్తుంది, ఒకే తండ్రి పిల్లలైతే 1,700 దగ్గర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తప్పించుకునే వీలు లేదు. కాకపోతే ముందు విషయం చెప్పి, తర్వాత ఉమ్మి అడుగు, తిరగేసి చెయ్యకు స్వామీ.

న్యూజెర్సీ ఆయనకి ఇంకొక్క మెసేజ్ పెట్టు, ఆఖరిది. ముందుది తొందరపాటు, మన్నించండి, మా అమ్మ వాళ్లది పుత్తూరు, మీ పెద్దలది ఏ ఊరు అని. నాన్న అన్న మాటే రానీయొద్దు. అసలు కొందరు ఆ సైట్ ఏడాదికోసారి కూడా తెరవరు, అలిగాడనే అనుకోనక్కర్లేదు. అది కూడా ఆ కామన్ లిస్టు చూశాకే. అందులో బావ పేరు ఉందో లేదో చూసి నాకు ఒక్క ముక్క రాయి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.