ముళ్లకాయల చెట్టు పనసేనా?

ప్రశ్న: తమిళనాడులోని వాల్పారై దగ్గరి వానకారడవిలో కొమ్మలకే ముళ్లకాయలు అంటుకున్న పెద్ద చెట్టు చూశాం. అడవి పనసేనా?

జవాబు: కల్లీనియా అనే చెట్టు కావచ్చు, మలయాళంలో వెడిప్లావు. చెట్టుమీద ఆకు కోయకండి, రాలినదాన్ని తిప్పి చూడండి. పైన నున్నటి పచ్చ, అడుగున వెండి లేదా రాగి రంగు పొలుసులుంటే అదే. కాయ ఆకారమొక్కటే చూస్తే పొరబడతారు. పనసజాతి కాయ కోస్తే జిగురుపాలు కారతాయి. దీనికి పాలుండవు, ముదిరాక పగిలి గోధుమరంగు గింజలు బయటపడతాయి.

ఎండాకాలం మొదట్లో, పళ్లు దొరకని రోజుల్లో, కొమ్మలనిండా పూస్తుంది. రేకుల్లేని ఆ కండగల పూలే సింహపుతోక కోతులకు ఆధారం. గబ్బిలాలు తేనెకొస్తాయి, పరాగసంపర్కానికీ తోడ్పడతాయి. గింజలను కోతులు, మలబారు ఉడతలు పచ్చిగానే ఒలుచుకుంటాయి. కాబట్టి కిందపడ్డ కాయలను ఇంటికి తేకండి. మిగిలిన కొద్ది గింజలే మొలకెత్తాలి.