సైకిల్ సందేహాలు: తారు, మొరం, ముళ్ళదారి… లాంగ్ రైడ్‌కి ఏ టైరు వేయాలి?

వానలు తగ్గి లాంగ్ రైడ్లు మొదలయ్యే టైం కదా, ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు టైర్ల మీదే ఉన్నాయి. అందుకే ఈ నెల మొత్తం వాటికే ఇచ్చేశా. ఒక్క మాట ముందే చెప్తా, షాపులో టైరు చూడగానే అందరి కళ్ళూ దాని పైన ఉబ్బెత్తుగా ఉండే రబ్బరు బటన్ల మీదకే పోతాయి, ఎంత పెద్ద బటన్లుంటే అంత మంచి టైరు అనుకుంటారు. రోజంతా తొక్కేవాళ్ళకి మాత్రం పెద్ద బటన్లు భారమే, లోపలి గుడ్డ ఎలాంటిది, గాలి ఎంత పెట్టారు, ఈ రెండూ కూడా చాలా పనిచేస్తాయి.

ప్రశ్న: అన్నా నమస్తే. నాది 29 ఇంచుల ఎంటీబీ (మౌంటెన్ బైక్), ముందు మాత్రమే సస్పెన్షన్ ఉంది. ఆదివారాలు వికారాబాద్, అనంతగిరి, పరిగి వైపు పోతుంటాం. సగం తారు రోడ్డు, మిగతాది మొరం రోడ్లు, పొలాల బాటలు, చెరువు కట్టలు. ఒక్కోసారి 150 కిలోమీటర్లు అవుతుంది. కంపెనీ టైర్లకి ఇంతింత బటన్లున్నాయి, తారు మీద గుయ్‌మని ఒకటే సౌండు, సాయంత్రానికి కాళ్ళు లేవట్లేదు. షాపతను సన్నటి నున్న టైర్లు వేస్కో అంటున్నాడు. వేయించనా? – ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: వద్దు తమ్ముడూ, ఆ పని చేయొద్దు. సన్న టైరు తారు మీద హాయిగానే ఉంటుంది కానీ మొరం రోడ్డు మీదకి దిగాక తెలుస్తుంది బాధ. టైరు సన్నగా ఉంటే గాలి గట్టిగా కొట్టాలి, లేకపోతే రాయి తగలగానే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. పోనీ గట్టిగా కొడితే ప్రతి గులకరాయికీ సైకిల్ ఎగిరెగిరి పడుతుంది, ఆ దెబ్బలన్నీ నడుముకీ చేతులకీ వస్తాయి, ముందుకి పోవాల్సిన బలం పైకీ కిందికీ ఎగరడానికే పోతుంది.

నీ కాళ్ళు లాగేస్తున్నది టైరు వెడల్పు కాదు, బటన్లు. చక్రం తిరిగేటప్పుడు ప్రతి బటనూ తారుకి తగిలి వంగుతుంది, మళ్ళీ లేస్తుంది, వంగిన ప్రతిసారీ నీ శ్రమ కొంచెం వేడిగా మారి పోతుంది, ఆ గుయ్ మనే సౌండు కూడా బటన్లు రోడ్డుకి కొట్టుకునేదే. కాబట్టి వెడల్పు తగ్గించకుండా బటన్లు మార్చు. 2.1 నుంచి 2.25 ఇంచుల టైరే తీస్కో, కాకపోతే మధ్యలో బటన్లు పొట్టిగా, దగ్గరదగ్గరగా, దాదాపు ఒక పట్టీలాగా ఉండాలి, పక్కల మాత్రం కొంచెం ఎత్తుగా ఉండాలి. తారు మీద నిటారుగా పోయేటప్పుడు మధ్య పట్టీ మీదే పరిగెడుతుంది, మొరంలో వంపు తిరిగినప్పుడు పక్క బటన్లు పట్టుకుంటాయి. విట్టోరియా మెజ్కల్, మాక్సిస్ ఐకాన్, కాంటినెంటల్ రేస్ కింగ్ ఈ జాతివే. కెనడాలోని బాన్ఫ్ నుంచి అమెరికా, మెక్సికో సరిహద్దు దాకా 4,000 కిలోమీటర్లకు పైగా మట్టిరోడ్లూ కొండదారుల్లో సాగే టూర్ డివైడ్ రైడుకి పోయేవాళ్ళు కూడా చాలామంది ఇలాంటి పొట్టి బటన్ల టైర్లే వేస్కుంటారు, అందులో మెజ్కల్ బాగా కనిపిస్తుంది.

ఇక గుడ్డ సంగతి. టైరు లోపల దారాలతో అల్లిన పొర ఉంటుంది, కేసింగ్ అంటారు. టీపీఐ అని రాసేది ఆ దారాలు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే లెక్క. 120 టీపీఐ ఉంటే మెత్తగా వంగుతుంది, తేలిగ్గా దొర్లుతుంది. 60 అయితే కాస్త బండగా ఉంటుంది కానీ దెబ్బలకి ఓర్చుకుంటుంది. చవక టైర్లలో ఇంకా తక్కువ ఉంటాయి, అవి ఎంత నున్నగా ఉన్నా బరువుగానే దొర్లుతాయి. నువ్వు తిరిగే అనంతగిరి వైపు దారుల్లో పదునైన రాళ్ళు తేలి ఉంటాయి కాబట్టి పక్కగోడకి రక్షణ పొర ఉన్న మోడల్ చూస్కో, ఓ వంద గ్రాములు బరువెక్కినా పర్లేదు. పక్కగోడ చీలితే చిల్లులు మూయడానికి టైర్లో పోసే సీలెంటూ ఆపదు, ప్యాచ్ కూడా ఆపదు.

రెండు టైర్లకీ ఒకేసారి డబ్బులు పెట్టలేకపోతే మొదట వెనకది ఒక్కటే మార్చు. సుమారు 60 శాతం బరువు వెనక చక్రం మీదే పడుతుంది, కాబట్టి అక్కడ తేలిగ్గా దొర్లే టైరు వేస్తే తేడా ఆ రోజే తెలుస్తుంది. ముందు మాత్రం కాస్త గ్రిప్పు ఉన్నదే ఉండనీ, వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు గానీ ముందుది జారితే కింద పడటమే.

కొనేముందు ఇంకో పని. టైరుకీ ఫ్రేముకీ మధ్య సందు ఎంతుందో చూడు. 6 ఎంఎం అలెన్ కీ తీస్కుని వెనక టైరు పక్కన, పెడల్ దగ్గరకొచ్చే గొట్టాల మధ్య దూర్చు, రెండు పక్కలా తగలకుండా దూరితే నిశ్చింత. దూరకపోతే ఇంకా వెడల్పు టైరు ఆలోచనే పెట్టుకోకు, మట్టి అంటినప్పుడు టైరు ఫ్రేముని గీకేస్తుంది.

ప్రశ్న: సార్, మా అనంతపురం వైపు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు. మట్టి దారి మీదకి దిగితే పంక్చరే. ట్యూబ్‌లెస్ చేయిస్తే పోతుందా? – ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: చాలావరకు పోతుందండీ. ముళ్ళున్న సీమలో ట్యూబ్‌లెస్ చాలా అవసరం. పల్లేరు కాయ ఎటు పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది, చిల్లు చిన్నదే పడుతుంది, అలాంటి చిన్న చిల్లుల్ని లోపలున్న సీలెంట్ పాలు క్షణాల్లో మూసేస్తాయి. ముల్లు గుచ్చుకుంటే ఆగి పీకి, ఆ చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి పెట్టండి, బుసబుస మంటూ కాసేపు కారి ఆగిపోతుంది. నాటు తుమ్మ ముల్లు పొడుగ్గా లోతుగా దిగితే మాత్రం సీలెంట్ ఒక్కదానితో ఆగకపోవచ్చు, అందుకే రబ్బరు ప్లగ్గుల కిట్టు, ఒక స్పేర్ ట్యూబు బ్యాగులో ఉండాల్సిందే.

అయితే మీ ఎండల సంగతి గుర్తుపెట్టుకోండి. సీలెంట్‌లో ఉండేది ఎక్కువగా రబ్బరు పాలే, వేడికి గడ్డకట్టి ఎండిపోతుంది. చల్లటి దేశాల్లో నాలుగైదు నెలలు వస్తే మన ఎండాకాలంలో రెండు నెలలకే చూస్కోవాలి. చక్రం తీసి చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల నీళ్ళ సౌండు రాకపోతే అయిపోయినట్టే. 29 ఇంచుల టైరుకి 80 నుంచి 100 మిల్లీలీటర్లు పోయండి, ముళ్ళ సీమకి తక్కువ పోస్తే లాభం లేదు.

రిమ్మూ టైరూ రెండూ ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేవని రాసి ఉంటేనే చేయించండి. మామూలు రిమ్ముకి టేపు చుట్టి, మామూలు టైరు ఎక్కించి ట్యూబ్‌లెస్ చేసేస్తాం అనేవాళ్ళున్నారు, ఒప్పుకోవద్దు, వంపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చేస్తే ప్రాణం మీదకొస్తుంది. మీది మామూలు రిమ్మే అయితే లోపల పంక్చర్ బెల్టు ఉన్న టైరు వేస్కోండి, ష్వాల్బే మారథాన్ రకాల్లాంటివి. బరువే, దొర్లడం కూడా కాస్త మొద్దుగానే ఉంటుంది, కానీ ఊరికి దూరంగా మిట్టమధ్యాహ్నం ట్యూబు మార్చే కంటే ఆ బరువు మొయ్యడమే నయం. ఒకవేళ ట్యూబు పంక్చర్ అయితే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల చుట్టూ ఒక పాత గుడ్డతో తుడవండి, విరిగిన ముల్లు మొన ఎక్కడుందో అక్కడ గుడ్డ పట్టుకుంటుంది. ఒట్టి వేలు పెట్టి తడిమితే వేలు తెగుతుంది.

ప్రశ్న: నమస్తే అండీ. నా బరువు 55 కిలోలు. గోదావరి కాలువ గట్ల మీద పొద్దున్నే ఆత్రేయపురం వైపు పోతుంటాను, 27.5 ఇంచుల సైకిల్, 2.1 టైర్లు, ట్యూబులే. గాలి కొట్టే అబ్బాయి ఎప్పుడూ 50 పెడతాడు, టైరు మీద 65 దాకా అని రాసుందట. గట్టు మీద రెండు గంటలు తొక్కేసరికి అరచేతులు తిమ్మిరెక్కిపోతున్నాయి. గ్లవ్స్ మార్చాలా? – ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: గ్లవ్స్ తర్వాత చూద్దాం అమ్మా, ముందు గాలి తగ్గించండి. టైరు మీద రాసిన 65 అనేది అంతకి మించొద్దు అని చెప్పే హద్దు, అంత పెట్టమని కాదు. మీ బరువుకి 2.1 టైర్లో 50 అంటే చాలా ఎక్కువ, టైరు రాయిలా ఉంటుంది, గట్టు మీది ప్రతి గడ్డా నేరుగా మీ చేతుల్లోకే వస్తుంది.

ముందు 24, వెనక 27 పీఎస్ఐతో (గాలి ఒత్తిడి లెక్క) మొదలుపెట్టండి. గుంతలున్న ఒక ఫర్లాంగు గట్టు ఎంచుకుని దాని మీద తొక్కి చూడండి. బాగుంటే రెండు పీఎస్ఐ తగ్గించి మళ్ళీ అదే ముక్క మీద తొక్కండి. ఎక్కడైనా రిమ్ము టక్‌మని తగిలిందా, అక్కడ ఆపి మూడు పెంచండి, అదే మీ లెక్క, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ట్యూబులున్నాయి కాబట్టి మరీ 20 దాకా దించొద్దు. వెనక క్యారియర్ మీద సామాను పెట్టుకుని పోయే రోజు వెనకదానికి నాలుగైదు పెంచండి. 75, 80 కిలోల మనిషైతే ఇదే టైర్లో ముందు 28, వెనక 32 దగ్గర మొదలుపెట్టొచ్చు, ట్యూబ్‌లెస్ అయితే వీటికంటే నాలుగైదు తక్కువ.

బొటనవేలితో నొక్కి చూసి చెప్పే లెక్కలు నమ్మకండి, వెడల్పు టైర్లలో 25కీ 35కీ తేడా వేలికి తెలీదు. చిన్న గేజి ఒకటి కొనుక్కోండి. బార్‌లో చూపించే పంపైతే ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ. ఎండ సంగతి కూడా చెప్పాలి, పొద్దున చల్లగా 25 డిగ్రీలున్నప్పుడు 30 పెట్టి బయల్దేరితే, ఎండకి టైరు 50 డిగ్రీలకి వేడెక్కేసరికి దానంతటదే 33, 34 అవుతుంది. అందుకని ఎండాకాలం పొద్దున పెట్టేటప్పుడే ఒకటి రెండు తక్కువ పెట్టుకోండి. పెట్రోలు బంకులో గాలి కొట్టించుకోవాల్సి వస్తే పక్కనే నిలబడి కొంచెం కొంచెంగా కొట్టమనండి, ఆ యంత్రం కారు టైర్లకోసం పెట్టింది, సైకిల్ ట్యూబు దానికి ఏ మూలకీ రాదు.

ఇవన్నీ చేశాక కూడా తిమ్మిరి తగ్గకపోతే అప్పుడు హ్యాండిల్ ఎత్తు చూద్దాం, మళ్ళీ రాయండి.

ప్రశ్న: నల్లరేగడిలో వానాకాలం తొక్కడానికి ఏ టైరు బాగుంటుంది? – ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: ఏదీ బాగోదు. తడిసిన నల్లరేగడి టైరుకి అంటుకుని, ఫ్రేముకీ చక్రానికీ మధ్య నిండిపోయి, చక్రం తిరగడమే ఆపేస్తుంది. దూరందూరం బటన్లున్న టైరు మట్టిని కొంచెం విదిలిస్తుంది, అంతకుమించి ఆశపడొద్దు. ఆ స్థితిలో బలవంతంగా తొక్కితే గేర్ల దగ్గరుండే డీరైలర్ విరుగుతుంది. వాన పడిన రోజు తారు రోడ్డు చూస్కోండి, లేదా రెండు రోజులు ఎండ కాయనివ్వండి. చేలో చిక్కుకుపోతే సైకిల్ భుజానికెత్తుకుని గట్టుమీది గడ్డిలో నడవండి, ఒక పుల్ల దగ్గరుంచుకుని మట్టి గీకుతూ ఉండండి, ఎండిందంటే సిమెంటే.

ప్రశ్న: అన్నా, మేం వర్జీనియాలో ఉంటాం. ఫ్రెండ్స్‌తో కలిసి పిట్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్ డీసీ దాకా సైకిల్ మీద వద్దామని ప్లాన్. అందరివీ ఎంటీబీలే. టైర్లు మార్చాలా? – ఒక పాఠకుడు, యాష్‌బర్న్

జవాబు: మంచి ప్లాన్ తమ్ముడూ. ఆ దారి రెండు రకాలు. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా 150 మైళ్ళు పాత రైలు మార్గం మీద వేసిన సున్నపురాయి పొడి బాట, చాలా నున్నగా ఉంటుంది. కంబర్లాండ్ నుంచి డీసీ దాకా 184.5 మైళ్ళు సీ అండ్ ఓ కాలువ గట్టు, అది మాత్రం మట్టి, చెట్ల వేర్లు, వాన పడితే బురద గుంటలు. కొన్ని చోట్ల బాగు చేశారు కానీ అన్నిచోట్లా కాదు. మొదటి సగం చూసి సన్న టైర్లు వేస్కుంటే రెండో సగంలో ఏడిపిస్తాయి. 1.9 నుంచి 2.2 మధ్య పొట్టి బటన్ల టైరు రెండిటికీ సరిపోతుంది. మీ టైర్లకి పెద్ద బటన్లుంటే వెనకవి మార్చుకోండి చాలు. సామాను సైకిళ్ళ మీదే కాబట్టి వెనక గాలి కొంచెం ఎక్కువ పెట్టండి. మడ్‌గార్డులు ఉంటే మాత్రం వాటికీ టైరుకీ మధ్య సందు చూస్కోండి, ఆ బురదలో ఆకులు కూడా కలిసి ఇరుక్కుంటాయి.

ప్రశ్న: నాది 26 ఇంచుల పాత ఎంటీబీ. ఇప్పుడు మంచి టైర్లన్నీ 27.5లోనే వస్తున్నాయి. సాగదీసి ఎక్కించొచ్చా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఎక్కదండీ. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 54-559 లాంటి అంకె ఉంటుంది, చదివి చూడండి. మొదటిది వెడల్పు, రెండోది టైరు కూర్చునే చోట రిమ్ము కొలత, రెండూ మిల్లీమీటర్లలోనే. 26 ఎంటీబీకి 559, 27.5కి 584, 29కి 622. రెండో అంకె కలవకపోతే ఆ టైరు మీది కాదు. 26లో మంచి టైర్లు తగ్గాయి నిజమే కానీ పోలేదు, ష్వాల్బే, కాంటినెంటల్ ఇంకా చేస్తున్నాయి, ఆర్డరు పెట్టి తెప్పించుకోవాల్సి రావచ్చు. ఒకటే దొరికితే కొత్తది ముందుకి వేసి, ముందున్న పాతది వెనక్కి మార్చండి, దాని పక్కగోడ పగుళ్ళిచ్చి దారాలు బయటపడకుండా ఉంటేనే.