సమాధానం: శాఖల లేయర్లు కలిపితే సగం గ్రామాలు ఖాళీగా రావడం

రెవెన్యూ, పంచాయతీరాజ్, నీటిపారుదల శాఖల లేయర్లు (డిజిటల్ మ్యాప్‌లో ఒక్కో శాఖ సమాచారం ఉండే పొరలు) కలిపితే సగం గ్రామాల వివరాలు ఖాళీగా వస్తున్నాయని అడిగారు. మీరు వాటిని గ్రామం పేరుతో జాయిన్ చేస్తున్నారు, అంటే పేరు సరిపోలితేనే వరుసలు కలుస్తాయి, చిక్కంతా అక్కడే. సర్వర్ మార్చినా ఇది పోదు. తెలంగాణలో కొత్తపల్లి, రామాపురం ఒకటి రెండు కావు. పైగా ఒక శాఖ 'పేట' అని రాస్తే ఇంకో శాఖ 'పేట్' అంటుంది.

1. ప్రతి లేయర్‌లో ఎల్‌జీడీ కోడ్ (లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ఉండే ప్రత్యేక సంఖ్య) కాలమ్ పెట్టి దానితోనే జాయిన్ చేయండి. లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ సైట్‌లో జాబితా దొరుకుతుంది. రెవెన్యూ గ్రామానికి ఒక కోడ్, గ్రామ పంచాయతీకి వేరే కోడ్ ఉంటాయి, కలపకండి.

2. అందరూ వదిలేసేది ఇది: హద్దు ఏ తేదీ నాటిదో రాయడం. 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2011 జనగణన జిల్లా పట్టికలో ములుగు ఉండదు, అప్పుడు ములుగు పట్టణం వరంగల్ జిల్లాలో ఉండేది. అందుకే 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి వరకు' అని రెండు కాలమ్స్ పెట్టండి. హద్దు మారితే కొత్త వరుస చేర్చండి, పాతదాన్ని చెరపకండి. ఏ పాత మండలం ఏ కొత్త జిల్లాలోకి వెళ్లిందో విడిగా ఒక పట్టిక ఉంచుకోండి.

3. ఏ లేయర్ ఏ శాఖ బాధ్యతో రాతపూర్వకంగా తేల్చండి. మిగతావాళ్లు దాన్ని వాడుకోవాలి తప్ప కాపీ తీసుకుని దిద్దకూడదు. (ఒప్పించడానికే ఎక్కువ టైమ్ పడుతుంది.)

పేర్లు సరిపోయినా గీతలు పక్కకు జరిగి కనిపిస్తే అది వేరే సమస్య. పాత టోపో షీట్లు (సర్వే మ్యాప్‌లు) స్థానాలను కొలిచే పాత ఆధారమైన ఎవరెస్ట్ డేటమ్‌లో ఉంటాయి, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84కి మార్చి కలపండి.